ఇద్దరు మోసే అద్దం

అద్దాల దుకాణం మేస్త్రికి రెండు విషయాల్లో గట్టి నమ్మకం. ఒకటి, గాజు మీద కోత గీసేటప్పుడు చెయ్యి మధ్యలో ఆగకూడదు. రెండోది, ఈ లోకంలో పెళ్ళీ పెటాకులూ లేకుండా ఉన్నవాళ్ళే ఎక్కువ. మొదటిది పనిలో నేర్చుకున్నాడు. రెండోది అద్దాలు చుట్టడానికి తెచ్చే పాత పేపర్లో ఎప్పుడో చదివాడు. ఆ వార్తలో అసలు ఏం రాసుందో ఇప్పుడెవరికీ తెలీదు, ఆ కాగితం ఎవరి స్నానాలగది అద్దంతోనో కలిసి వెళ్ళిపోయింది. మేస్త్రి నోట్లో మాత్రం లెక్క ఏటేటా పెరుగుతూ వచ్చింది. మొదట్లో పెద్దవాళ్ళలో ముగ్గురికి ఒకరు ఒంటరివాళ్ళే అనేవాడు. తర్వాత సగం అన్నాడు. ఈమధ్య ముప్పాతిక మంది అంటున్నాడు.

"ఎక్కడున్నార్రా ఆ ముప్పాతిక మంది? నాకొక్కళ్ళూ కనపడరేం?" అని వాళ్ళక్క ఫోన్లో నిలదీసేది. ఆవిడ తమ్ముడి పెళ్ళి ఆశ ఇంకా పూర్తిగా వదులుకోలేదు.

"మా వీధికి రా, వరసగా నిలబెట్టి చూపిస్తా" అనేవాడు మేస్త్రి.

ఆ మాటలో అబద్ధం మరీ అంత లేదు. ఎదుటి సెలూన్ ఆయన దగ్గర పెళ్ళి మాటెత్తితే కత్తెర కింద పెట్టేస్తాడు. దుకాణం పై అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ ఒక్కతే ఉంటుంది. దుకాణం ఓనరమ్మ మొగుడితో తెగతెంపులు చేసుకున్నాక ఒళ్ళు చేసి, పొద్దున్నే కూనిరాగం తీస్తూ షట్టరు ఎత్తుతోంది. వచ్చే ఆర్డర్లు కూడా మారాయి. ఒకప్పుడు మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నిలబడి తల దువ్వుకునేంత వెడల్పు అద్దాలు కోసేవాళ్ళు. ఇప్పుడన్నీ ఒక్క మొహానికి చాలే సన్నటి అద్దాలే. గాజు బల్లలు కూడా ఒక కప్పూ ఒక పళ్ళెం పట్టే సైజుకు దిగాయి. లోకం తన దారికి వస్తోందని మేస్త్రికి లోలోపల గర్వంగా ఉండేది.

మేస్త్రి పెట్టుకున్న ఈ ఒంటరిగాళ్ళ సంఘంలో రెండో సభ్యుడు చిన్నోడు. కుర్రతనంలో దుకాణంలో చేరినప్పుడు పడ్డ పేరది. తల సగం నెరిసింది, చత్వారం అద్దాలొచ్చాయి, పేరు మాత్రం ఎదగలేదు. మేస్త్రి ఎంత పొడుగో చిన్నోడు అంత పొట్టి. ఇద్దరివీ ఒకే భవనంలో, ఒకే వరండాలో ఎదురెదురు గదులు. ఒక గదిలో ఉప్పు నిండుకుంటే రెండో గదిలో డబ్బా తరిగేది. ఆదివారం వస్తే ఇద్దరూ బట్టలు ఉతుక్కుని, మేస్త్రి గదిలో వండుకుని, ఎప్పుడో చూసేసిన సినిమానే మళ్ళీ చూస్తూ సగంలో నిద్రపోయేవాళ్ళు. పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఇంతకన్నా ఏం బావుకున్నారని మేస్త్రి ప్రశ్న.

పెద్ద అద్దాలు మొయ్యడంలో వాళ్ళకో పద్ధతి ఉంది. అద్దాన్ని నిలువుగా పట్టుకుని చిన్నోడు ముందుండి వెనక్కి నడుస్తాడు. మేస్త్రి రెండో వైపు పట్టుకుని, పై అంచు మీదుగా దారి చూస్తూ ఒక్కో మాట అందిస్తాడు. మెట్టు, గడప, తల, మలుపు, అంతే. చిన్నోడు తిరిగి చూడడు, ఎందుకని అడగడు. తిరిగి చూస్తే అద్దం మెలిపడి పగులుతుంది. మేస్త్రి నోట్లోంచి మాట వచ్చేసరికి చిన్నోడి కాలు లేచి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క అద్దం కూడా వాళ్ళ చేతుల్లో పగల్లేదు.

అలాంటిది, పళ్ళ డాక్టరమ్మ గదికి కిటికీ అద్దం మోసుకెళుతూ, సరిగ్గా మెట్లన్నీ ఎక్కి గుమ్మం ముందుకొచ్చిన సమయంలో చిన్నోడు నోరు విప్పాడు.

"అన్నా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

"నేనూ డ్రైవింగ్ స్కూలావిడా పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం."

మేస్త్రి నోట్లో ఉన్న 'గడప' నోట్లోనే ఉండిపోయింది. చిన్నోడి మడమ గడపకు కొట్టుకుంది, తూలాడు, అద్దం మూల తలుపు చట్రానికి తగిలి చిట్లింది. లోపల నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటు కూడా ఉలిక్కిపడ్డాడు.

"గడప చెప్పలేదేం అన్నా?" అన్నాడు చిన్నోడు మడమ పట్టుకుని.

"చెప్పాను. నీ చెవులు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో నాకేం తెలుసు?"

అబద్ధమే. ఆ అబద్ధానికి మేస్త్రికి సిగ్గు కూడా వెయ్యలేదు, అంత మండింది కడుపులో.

డ్రైవింగ్ స్కూలావిడ ఎవరో మేస్త్రికి తెలియకపోలేదు. కిందటి చలికాలం మొదట్లో, కారు నేర్చుకుంటున్న ఒకాయన వెనక్కి వెయ్యబోయి ఆవిడ ఆఫీసు ముందు అద్దంలోంచి లోపలికొచ్చేశాడు. కొత్త అద్దం బిగించడానికి ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ నలభై దాటిన మనిషి, పొట్టిగా చురుగ్గా ఉంటుంది, ఒక్కతే ఉంటుంది. ఒంటరిగా ఉండేవాళ్ళని చూస్తే మేస్త్రికి మొదటినుంచీ గౌరవం, అందుకని పుట్టీ కాస్త ఎక్కువే వేసి మరీ వచ్చాడు. పుట్టీ ఆరిందో లేదో చూసొస్తానని చిన్నోడు మర్నాడు వెళ్ళాడు. పుట్టీ ఎన్నాళ్ళు ఆరుతుంది? చిన్నోడు చలికాలమంతా వెళ్ళి చూసొచ్చాడు. పనంటే ఎంత శ్రద్ధో వీడికి అని ఓనరమ్మ దగ్గర మెచ్చుకున్న వెర్రివాడు మేస్త్రే.

ఇప్పుడు ఆ మెచ్చుకోలు గుర్తొచ్చినప్పుడల్లా పుండు మీద కారం చల్లినట్టు ఉండేది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. చిన్నోడికి వెల్లుల్లి పడదని ఆవిడకు తెలుసా? జ్వరమొస్తే నోరు మూసుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడని, అడిగితే బాగానే ఉన్నానంటాడని, నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే తప్ప తెలీదని తెలుసా? ఇవన్నీ మేస్త్రి ఒక్కొక్కటే నేర్చుకున్నాడు. ఆవిడేమో ఒక పగిలిన అద్దంతో వచ్చి మొత్తం మనిషినే పట్టుకుపోతోంది.

సెలూన్ ఆయన ఓదార్చబోయాడు. "పోనీలేవయ్యా, వాడూ సుఖపడనీ" అన్నాడు.

"వాడు సుఖంగా లేడని ఎవరన్నారు?" అని మేస్త్రి సగం గడ్డంతోనే కుర్చీలోంచి లేచి వచ్చేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ సాయంత్రం ముక్క గాజంతా డబ్బాలో వేసి ఓనరమ్మ చెవులు మూసుకునేలా పగలగొట్టాడు. ఆ రోజునుంచీ చిన్నోడు ఏం చేసినా తప్పే. కొత్త చొక్కా వేసుకుంటే తప్పు, ఈల వేస్తే తప్పు, టీ తాగుతూ ఊరికే నవ్వితే అది మరీ తప్పు.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో తేలిపోయింది. మేస్త్రి సాక్షి సంతకం చేశాడు. ఎంత గట్టిగా చేశాడంటే కలం మొన వంకరపోయింది. ఆవిడ "చాలా థాంక్సండీ" అంటే "ఏముందిలెండి" అన్నాడు, మొహాన నవ్వు పులుముకుని.

ఆ తర్వాత చిన్నోడు ఒక కొలత తెచ్చాడు. ఆదివారం చేరబోయే కొత్త ఇంటి ముందుగదికి అద్దం. వెడల్పు చూస్తే, దుకాణంలో చాలాకాలంగా కొయ్యని సైజు.

"ఇది నువ్వే కొయ్యాలన్నా. వేరేవాళ్ళ చెయ్యి పడటం నాకిష్టం లేదు."

మేస్త్రి ఆ పలకను బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. ఒక వేలు మందం తక్కువ కోస్తే చాలు, చట్రంలో నిలబడదు. మళ్ళీ పలక రావాలి, మళ్ళీ కొయ్యాలి, ఆదివారం మారాలి. ఇల్లు చేరడం వెనకబడుతుంది. అంతా అనుకుని గాజు కోసే పుల్ల తీసుకున్నాడు. తీరా గీసేసరికి గీత వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. కుళ్ళు మనసుకే గానీ చేతికి లేకపోయింది. అందుకు చేతి మీద కూడా కోపమొచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆదివారం పొద్దున అద్దం తీసుకెళ్ళే వేళకి మేస్త్రి మంచం మీద బోర్లా పడుకున్నాడు.

"నడుం పట్టేసిందిరా. కదల్లేను."

ఆయన ఎత్తు ఇదీ. అంత అద్దం చిన్నోడు ఒక్కడూ మొయ్యలేడు. ఇంకొకళ్ళతో మొయ్యడం వాడికి చేతకాదు. వచ్చి మంచం పక్కన కూర్చుని, అన్నా నువ్వు లేకపోతే నాకు గడవదు అంటాడు. ఆ మాట వాడి నోటి వెంట ఒక్కసారి వింటే చాలు, ఆపైన ఎక్కడికైనా పోనీ, ఎవరితోనైనా కాపురం చెయ్యనీ. మేస్త్రికి కావలసింది అంతే. ఇన్నేళ్ళ లెక్కకి అది ఎక్కువేం కాదని ఆయన ఉద్దేశం.

చిన్నోడు నిజంగానే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నడుం మీద చెయ్యి వేశాడు. వేడి నీళ్ళ సీసా తెచ్చి గుడ్డ చుట్టి పెట్టాడు. మాత్ర ఇచ్చాడు. దుప్పటి సర్దాడు. చివరికి లేచాడు.

"నువ్వు పడుకో అన్నా. మేం ఎలాగోలా చూసుకుంటాంలే."

తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయాడు. మేస్త్రి కాసేపు వేడి నీళ్ళ సీసా కింద అలాగే ఉడికాడు. మేం అట, మేం. ఆ 'మేం'కి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. ఒక్క ఉదుటున లేచాడు. కదల్లేని ఆ నడుం మూడంతస్తుల మెట్లు రెండేసి చొప్పున దిగింది.

కొత్త ఇల్లు రెండు వీధుల అవతల. ఎదురుగా బస్సు కోసం నిలబడే చోట ఒక పెద్ద ప్రకటన బోర్డు ఉంది. మేస్త్రి దాని వెనక నిలబడి, పొడుగు మనిషి కాబట్టి మెడ ముడుచుకుని, పక్కనుంచి చూశాడు. అప్పటికే బండి వచ్చి ఆగింది. చిన్నోడు, ఆవిడ అద్దాన్ని చెక్క చట్రంలోంచి దించుతున్నారు. చేతులకు తొడుగులు ఉన్నాయి, ఆవిడవి మరీ పెద్దవి, మేస్త్రివే. అది చూసి మేస్త్రి ప్రాణం ఉసూరుమంది.

తర్వాత జరిగింది పనితనం తెలిసిన ఎవరూ చూడలేని దృశ్యం. ఆవిడకు అద్దం పైనుంచి దారి కనపడదు. ఒకసారి ఈ పక్కనుంచి, ఒకసారి ఆ పక్కనుంచి తొంగి చూస్తోంది. తొంగి చూసినప్పుడల్లా అద్దం అటూ ఇటూ ఊగుతోంది.

"బ్రేకు! బ్రేకు!" అని అరిచింది ఆవిడ.

"ఆగమంటావా?"

"ఆగొద్దు, స్లో చెయ్యి. కొంచెం ఎడమ. నా ఎడమ కాదు, నీ ఎడమ."

"నాది ఏది ఎడమో నాకే తెలీట్లేదు."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. అద్దం చేతుల్లో ఉండగా నవ్వకూడదు. ఇది దుకాణంలో మొదటిరోజు చెప్పే పాఠం. ఒకరు నవ్వితే ఇంకొకరికి అంటుకుంటుంది, నవ్వులో చేతులు వదులవుతాయి. మేస్త్రి బోర్డు వెనక పళ్ళు కొరుకుతున్నాడు. పగలాలి అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఇప్పుడు పగిలితే తప్ప వీడికి బుద్ధి రాదు.

అద్దం మాత్రం పగల్లేదు. నవ్వుకుంటూ, తప్పులు చెప్పుకుంటూ, ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ వాళ్ళు అంగుళం అంగుళం ముందుకే పోతున్నారు. మేస్త్రి ఈ పనికి ఇన్నేళ్ళ అలవాటు కావాలనీ, తనలాంటివాడే కావాలనీ అనుకున్నాడు. ఇంత అధ్వాన్నంగా చేసినా జరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు.

అప్పుడు మేస్త్రికి కనిపించింది, ఇంటి ముందున్న రాతిమెట్టు. ఎత్తు ఎక్కువ లేదు, అందుకే ప్రమాదం. ఆవిడ ఆ క్షణంలో రెండో పక్కనుంచి తొంగి చూస్తోంది, ఆవిడకి కనపడలేదు. మరుక్షణం ఆవిడా చూసింది. "జాగ్రత్త, అక్కడ ఏదో ఉంది, కింద, కింద!" అంది. చిన్నోడు విన్నాడు గానీ ఏం చెయ్యాలో తెలీక అలాగే మడమ వెనక్కి వేస్తున్నాడు.

"మెట్టు!"

మేస్త్రి అరుద్దామనుకుని అరవలేదు. పగలాలని అప్పటిదాకా కోరుకుంటున్న నోరే అరిచింది. వీధి అవతల్నుంచి, మధ్యలో ఒక బస్సు హారన్ మోగుతుండగా వచ్చిన ఆ ఒక్క మాటకి చిన్నోడి కాలు లేచి మెట్టు మీద ఆనింది. తిరిగి చూడలేదు. ఎవరని అడగలేదు. రెండో కాలూ పెట్టాడు. అప్పుడు ఆగాడు.

"నడుం ఎలా ఉంది అన్నా?" అన్నాడు, ఇటు తిరక్కుండానే.

మేస్త్రి బోర్డు చాటునుంచి బయటికొచ్చాడు. ఇంకేం చేస్తాడు? దొరికిపోయిన దొంగ మొహంతో వీధి దాటాడు.

"నడుం సంగతి తర్వాత చూడొచ్చు, ముందిది పట్టుకోండి మహానుభావా, నా వేళ్ళు ఊడిపోతున్నాయి" అంది ఆవిడ.

మేస్త్రి పట్టుకున్నాడు. గడప, తల, మలుపు. అద్దం నీళ్ళ మీద పడవలా లోపలికి పోయింది. గోడకు బిగించడం అయ్యాక, బండి అప్పజెప్పి వస్తానని చిన్నోడు బయటికి జారుకున్నాడు. కావాలనే జారుకున్నాడని మేస్త్రికి తెలుసు.

ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య ఆవిడ రెండు కప్పుల్లో టీ పోసింది. ఒక పెట్టె మీద తను కూర్చుని, ఒక పెట్టె మేస్త్రికి చూపించింది. ఇక చీవాట్లే అనుకుని మేస్త్రి తల వంచుకున్నాడు. దొంగ నడుం నొప్పికి ఏం సమాధానం చెబుతాడు?

"ఒక్క మాట అంటాను, ఏమీ అనుకోకండి" అంది ఆవిడ. "నాకు మీరంటే చచ్చేంత కుళ్ళు."

మేస్త్రి కప్పు పెదాల దగ్గరే ఆగింది.

"నిజమండీ. కూర వండితే 'అన్నయితే ఇందులో కాస్త చింతపులుపు తగ్గిస్తాడు' అంటాడు. సినిమా పెడితే 'ఈ ఘట్టం రాగానే అన్న నిద్రపోతాడు' అంటాడు. పెళ్ళి చేసుకున్నది నన్నా మిమ్మల్నా అనిపిస్తుంది. ఇవాళ నేను గొంతు చించుకుని కింద కింద అని అరిచినా కాలు లేవలేదు. మీరు వీధి అవతల్నుంచి ఒక్క మాట అంటే లేచింది. నాకెలా ఉంటుంది చెప్పండి?" ఆవిడ టీ ఒక గుక్క తాగింది. "ఇన్నేళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరిని చూసీ ఏడవలేదు. తీరా ఒక మనిషి వచ్చాడో లేదో, వెనకాలే ఈ ఏడుపూ వచ్చి కూర్చుంది."

"అదేం లేదమ్మా, అలవాటు, అంతే" అన్నాడు మేస్త్రి పెద్దమనిషిలా.

"ఆ అలవాటు మీదే నా కుళ్ళు" అంది ఆవిడ.

పైకి పెద్దమనిషిలా కూర్చున్నాడు గానీ, లోపల మేస్త్రి కడుపు చల్లబడింది. చలివేంద్రంలో కడుపారా నీళ్ళు తాగినట్టయింది. నన్ను చూసి కుళ్ళుకుంటోంది! తన మీద ఒక మనిషి, అందులోనూ ఆ మనిషి, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది! చిన్నోడి నోటి వెంట వినాలనుకున్న మాట పోతే పోయింది, ఆవిడ నోటి వెంట విన్నది దానికి నూరు రెట్లు. ఇంత నీచమైన సంతోషం మరొకటి ఉండదని మేస్త్రికీ తెలుసు. తెలిసినా టీ ఇంకో కప్పు అడిగి మరీ తాగాడు.

చిన్నోడు తిరిగి వచ్చేలోపే పనుందని లేచి వచ్చేశాడు. దారి పొడుగునా ఆ సంతోషం తగ్గలేదు. ఆవిడ కప్పు ఎలా పట్టుకుందో, 'చచ్చేంత కుళ్ళు' అన్నప్పుడు కనుబొమలు ఎలా ఎగరేసిందో తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు. ఎలా చెబితే బాగుంటుందో కూడా కూర్చుకున్నాడు. ముందు బోర్డు వెనక మెడ ముడుచుకున్న ముక్క. తర్వాత బ్రేకు బ్రేకు అనడం, అక్కడ ఆవిడ గొంతు అనుకరించాలి. 'నీ ఎడమ, నా ఎడమ' దగ్గర కాస్త ఆగాలి, అక్కడ వాడు పొట్ట పట్టుకుని నవ్వుతాడు. చివర్న టీ కప్పు. ఆవిడ అన్న మాట అప్పుడే చెప్పకూడదు, చెప్పమని బతిమాలేదాకా ఊరించాలి.

మెట్లు ఎక్కుతూ ఇంకా మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు. వరండాలోకి వచ్చి, తన గది తాళం కూడా తియ్యకుండా, రోజూలాగే ఎదుటి తలుపు దబదబా బాది, "ఒరేయ్, ఏమైందో తెలుసా!" అన్నాడు.

తాళం గొలుసు గలగలలాడింది. చిన్నోడు ఖాళీ చేసిన గది కాబట్టి చప్పుడు పెద్దగా వినిపించింది. పక్కగది మనిషి తలుపు తీసి, ఏమైందండీ అని అడిగాడు. ఏం లేదండీ అన్నాడు మేస్త్రి. ఆ మనిషి మంచివాడే, కాసేపు నిలబడ్డాడు కూడా, చెబితే వినేలాగే ఉన్నాడు. కానీ ఆయనకి చిన్నోడెవరో, మెట్టేమిటో మొదట్నుంచీ చెప్పుకు రావాలి.